నేలలో దాగిన చరిత్ర – త్రవ్వకములందు గ్రామప్రజల తోడ్పాటు

కడప సీమలో ఓబులవారిపల్లె మండలమునకు చెందిన మంగంపేట ముగ్గురాయి గనులకు ప్రసిద్ధి పొందినది. అచ్చటి నేలలో 7 కోట్ల 40 లక్షల టన్నుల ముగ్గురాయి ఉన్నదని భూగర్భశాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. ఒకేచోట ఇంత నిలువ గల గని ప్రపంచమున మరియొకటి లేదు. నీటికంటె నాలుగున్నర రెట్లు బరువైన ఈ రాయిని పొడిచేసి, చమురు బావులు త్రవ్వుటయందు వాడుటకై దేశదేశములకు పంపుచున్నారు. కనుక నేలను త్రవ్వుట అనగా ఏమో మంగంపేట ప్రాంతపు వారికి ఎవరును నేర్పనక్కరలేదు.

అయితే నేలలో దాగియుండు సంపద ముగ్గురాయి ఒక్కటియే కాదు. ముగ్గురాయి పొరలు నూరు కోట్ల ఏండ్లకు మించిన ప్రాచీనమైనవి. అవి ఏర్పడిన కాలమున భూమిమీద మనుష్యుడు లేడు. మనుష్యుడు విడిచిపోయిన గుర్తులన్నియు ఆ రాతికి మీదుగా, ఒకటి రెండు నిలువుల లోతులోని మెత్తని మన్నులో ఉండును. గని త్రవ్వువారు పనికిరాని పైమట్టి అని మొదట తొలగించి పారవేయునది సరిగా ఆ మన్నే. గని యజమానికి అది అడ్డు. చరిత్రకారునికి అదియే పుస్తకము. గనియందే కాదు, చెరువు పూడిక తీయునప్పుడు, బాట వేయునప్పుడు, ఇంటికి పునాది త్రవ్వునప్పుడు, పొలము చదును చేయునప్పుడు కూడ ఈ పుస్తకపు పుటలు చిరిగిపోవుచుండును. ఒకసారి చిరిగినచో తిరిగి అతుకుటకు వీలులేదు.

ఈ పనులలో పెక్కింటికి తీర్మానము చేయునది, పర్యవేక్షించునది గ్రామ పంచాయతీ. కనుక పురావస్తు త్రవ్వకము అనగానేమి, అందు గ్రామస్థులు ఏ విధముగ పాల్గొనవచ్చును, ఏమి చేయరాదు అను విషయములు పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినవి.

మన సీమలో బయల్పడినవి

రాయలసీమ కరవు సీమయే కాని, చరిత్రకు కరవు లేని సీమ. భూగర్భ సర్వేక్షణ శాఖలో ఉద్యోగియైన రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863లో మద్రాసు సమీపమున పల్లావరము వద్ద ఆదిమానవుని రాతి గొడ్డలిని గుర్తించెను. అటుపిమ్మట కడప, కర్నూలు కొండల గట్టి రాతితో చేసిన అట్టి పనిముట్లు ఏటి గట్లమీద అనేకచోట్ల దొరకినవి. 1884 ప్రాంతమున ఫుట్, ఆయన కుమారుడు కర్నూలు సీమలో బేతంచెర్ల వద్దగల బిల్లసర్గము గుహలను త్రవ్వించి, అనేక ప్రాచీన జంతువుల ఎముకలను వెలికి తీసిరి.

ఎఱ్ఱగుంట్ల సమీపమున కలమళ్ల గ్రామపు చెన్నకేశవాలయ ప్రాంగణములో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడను రేనాటి చోడుని శాసనము కలదు. క్రీ.శ. 575 ప్రాంతము నాటి ఈ శాసనము, నేటివరకు దొరకిన తెలుగు శాసనములలో మొదటిదని పండితులు చెప్పుదురు. పోరుమామిళ్ల చెరువు కట్టమీద 1369 నాటి సంస్కృత శాసనమున్నది. చెరువు కట్టుటకు కావలసిన పండ్రెండు అంగములను, తప్పించుకొనవలసిన ఆరు దోషములను అందు వివరించిరి. దినమునకు వేయిమంది కూలీలు, రాయి తోలుటకు నూరు బండ్లు, రెండు సంవత్సరముల కాలము పట్టినదని కూడ ఆ శాసనము చెప్పుచున్నది. పనికి పట్టిన మనుష్యులను, బండ్లను, కాలమును లెక్కవ్రాయు అలవాటు మన పంచాయతీలకు నేడు వచ్చినది కాదు. ఆరున్నర శతాబ్దములకు ముందే ఈ జిల్లాలో రాతిమీద చెక్కబడియున్నది.

మంగంపేటకు దూరము కాని చెయ్యేటి లోయను చూడుడు. నందలూరు సౌమ్యనాథాలయమున చోళుల కాలము మొదలు విజయనగర కాలము వరకు గల శాసనములున్నవి. అదే నందలూరు చేరువను ఆడపూరు కొండమీద బౌద్ధ స్తూపవిహారముల శిథిలములు బయల్పడినవి. ఒకే లోయలో, ఒకే ఏటి నీరు త్రాగి, వేరువేరు కాలములవారు వేరువేరు విధముల బ్రతికిరనుటకు ఇవి సాక్ష్యములు. 2021 నవంబరు 19వ తేదీన అన్నమయ్య జలాశయపు కట్ట తెగి చెయ్యేటి గట్టు గ్రామములు ఎంత నష్టపోయినవో ఎరుగనివారు లేరు. అట్టి వరదలు పూర్వమును వచ్చియుండును. ఏ వరదకు ఏ ఊరు విడిచిరి, ఎంత ఎత్తున తిరిగి ఇండ్లు కట్టుకొనిరి అను సంగతి ఏటి గట్టు పొరలను చదివిన తెలియగలదు. చరిత్ర తెలియుట కేవలము గర్వపడుటకు కాదు. రేపు ఇల్లు ఎచ్చట కట్టవలెనో తెలియుటకును అది పనికివచ్చును.

గ్రామస్థుని కన్నే మొదటి కన్ను

పురావస్తు శాఖవారు అన్ని గ్రామములను తిరిగి చూడజాలరు. గొప్ప స్థలములను మొదట గుర్తించినవారు పెక్కు సందర్భములలో గ్రామమునందు నివసించు సామాన్యులే.

కృష్ణాతీరమున నాగార్జునకొండ లోయ ఇందుకు ముఖ్యమైన ఉదాహరణము. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అను స్థానికుడైన ఉపాధ్యాయుడు అచ్చటి ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలియజేసెను. శాసన శాఖకు చెందిన రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించెను. అడవిలో మరుగుపడిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ విధముగ లోకమునకు తెలిసినది. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన పండిత నెహ్రూ శంకుస్థాపన చేసిరి. లోయ మునిగిపోవునని తెలిసినందున, 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యము ఆధ్వర్యమున నూటికి పైగా స్థలములలో త్రవ్వకములు జరిగినవి. ముఖ్య కట్టడములు కొన్ని కొండమీదికిని, తూర్పు గట్టున అనుపు వద్దకును తరలింపబడినవి. ఆ ఉపాధ్యాయుడు చూచియు చూడనట్లు పోయినచో, లోయ మునిగినప్పుడు మునిగినదేమో కూడ మనకు తెలియకుండెడిది.

పొరుగున తమిళనాడులో శివగంగ జిల్లా కీళడి కథయు ఇట్టిదే. 1970 దశకమున బావి త్రవ్వునప్పుడు బయల్పడిన వస్తువుల సంగతి తన విద్యార్థి ద్వారా తెలిసికొని, ఒక ఉపాధ్యాయుడు అధికారులకు తెలియజేసెను. 2014-15లో అచ్చట త్రవ్వకములు ప్రారంభమైనవి. కొబ్బరితోటల క్రింద ఇటుక గోడలతో కూడిన ప్రాచీన జనపదము బయల్పడినది. 2023లో అచ్చటనే ప్రదర్శనశాల వెలసినది.

మన పెన్నా లోయలో జరిగినది ఇంకొక విధమైనది. 2020 జూన్ మాసమున నెల్లూరు జిల్లా చేజర్ల మండలము పెరుమాళ్లపాడు యువకులు, ఇసుకలో పూడిపోయినదని పెద్దలు చెప్పుచుండిన నాగేశ్వరాలయమును తామే పూనుకొని త్రవ్వి వెలికి తీసిరి. తమ ఊరి ఆలయముపై వారికి గల ప్రేమ మెచ్చదగినది. కాని ఈ ఉదాహరణమును చూచి ప్రతి ఊరివారును గడ్డపారలు పట్టుకొని బయలుదేరరాదు. ఏటి ఇసుకలో నిలిచియున్న రాతి కట్టడము వేరు, పాత ఊరి దిబ్బ వేరు. దిబ్బలో విలువ రాతికంటె మన్నుకే ఎక్కువ. అది ఎట్లో తరువాత చెప్పుదుము.

జుర్రేరు లోయ చెప్పు పాఠము

బనగానపల్లె, యాగంటి ప్రాంతమున జుర్రేరు అను చిన్న ఏరు పారుచున్నది. ఆ లోయలోని జ్వాలాపురము 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాకు చెందినది. అచ్చటి పొలములలో కొన్ని అడుగుల మన్ను క్రింద తెల్లని బూడిద పొర కలదు. అది పొయ్యి బూడిద కాదు. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా ద్వీపమున తోబా అను అగ్నిపర్వతము బ్రద్దలై ఎగజిమ్మిన ధూళి గాలిలో సముద్రము దాటి వచ్చి, ఈ లోయలో పడి, నీటితో కొట్టుకొనివచ్చి పల్లములలో పేరుకొన్నది. కొన్నిచోట్ల ఆ పొర రెండున్నర మీటర్ల మందము కలిగియుండెను.

ధారవాడ కర్ణాటక విశ్వవిద్యాలయమునకు చెందిన రవి కోరిశెట్టరు, విదేశ శాస్త్రజ్ఞుడు మైకేల్ పెట్రాగ్లియా, వారి సహచరులు ఈ లోయలో అనేక సంవత్సరములు త్రవ్వకములు సాగించిరి. బూడిదకు క్రింది మన్నులోను, పై మన్నులోను గూడ మానవులు చేసిన రాతి పనిముట్లు దొరకినవి. అవి ఒకదానినొకటి పోలియుండుటచే, ఆ మహోత్పాతము తరువాత గూడ ఈ లోయలో మానవుని బ్రతుకు సాగినదని వారు 2007లో ప్రకటించిరి. ఈ అభిప్రాయముపై పండితుల మధ్య చర్చ నేటికిని సాగుచున్నది. దగ్గరలోని ఒక చరియ క్రింద 35,000 సంవత్సరముల నాటి సన్నని రాతి పలుకులు, పూసలు కూడ దొరకినవి. రాయలసీమలోని ఒక పల్లె పేరు ప్రపంచ శాస్త్ర పత్రికలకెక్కినది.

కాని అదే కాలమున మరియొక పని కూడ జరుగుచుండెను. ఆ బూడిద గిన్నెలు తోముటకు, మురికి వదలించు పొడులలో కలుపుటకు పనికివచ్చును. కనుక దానిని త్రవ్వి బండ్లకెత్తి అమ్మసాగిరి. శాస్త్రజ్ఞుడు తాపీతో అంగుళము అంగుళము గీకుచున్న పొరనే ప్రక్క పొలములో పారతో తీసి పోయుచుండిరి. వానలు లేని యేట పొలములో పంట చేతికి రాని రైతు, అదే పొలములోని బూడిదకు నాలుగు డబ్బులు వచ్చుచుండగా అమ్ముకొన్నచో అతనిని నిందించుట సులభము కాదు. ప్రపంచమునకు విలువైనదానిని కాపాడు భారమంతయు ఒక పేదరైతు నెత్తిన వేయుట న్యాయమును కాదు. అట్లని, 74,000 సంవత్సరములు నిలిచిన పొర కొలది సంవత్సరములలో గిన్నెలు తోమి కాలువలో కలిసిపోవుటయు తగినది కాదు.

ఇట్టి చిక్కు వచ్చినప్పుడు రైతు ఒక ప్రక్క, శాస్త్రజ్ఞుడు ఒక ప్రక్క, వ్యాపారి ఒక ప్రక్క నిలుతురు. వీరందరిని ఒకచోట కూర్చుండబెట్టి మాటలాడగల సభ గ్రామసభ ఒక్కటే. పొలమంతయు కాకున్నను, ఒక మూల, కొన్ని సెంట్ల స్థలము త్రవ్వక విడిచిపెట్టుమని రైతును ఒప్పించి, అందుకు తగిన పరిహారమును ప్రభుత్వమునుండి కోరి ఇప్పించినచో, రైతుకు నష్టము రాదు, సాక్ష్యము నిలుచును. పూర్తిగా కాపాడుట సాధ్యము కానిచోట ఒక భాగమునైనను కాపాడుట వివేకము.

త్రవ్వకము జరుగు విధము

బావి త్రవ్వుటకును, పురావస్తు త్రవ్వకమునకును పెద్ద భేదము కలదు. బావి త్రవ్వువానికి నీరు కావలెను, మన్ను అక్కరలేదు. పురావస్తు త్రవ్వకమున వస్తువుతోపాటు, అది ఏ మన్నులో, ఎంత లోతున, దేని ప్రక్కన ఉన్నదో తెలియవలెను. తేదీ చింపివేసిన దస్తావేజు కచ్చేరీలో చెల్లనట్లే, ఉన్నచోటు తెలియని వస్తువు చరిత్రలో సాక్ష్యముగా చెల్లదు.

మొదట స్థలమును కొలిచి, త్రాడు కట్టి, చదరములుగా విభజింతురు. ఉదాహరణమునకు ఒక్కొక్క చదరము 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉండవచ్చును. చదరమునకు చదరమునకు నడుమ ఒక గట్టు విడిచిపెట్టుదురు. ఆ గట్టు నిలువు కోతలో పొరలు ఒకదానిమీద ఒకటి స్పష్టముగ కనబడును. పంట చేలమన్ను, దాని క్రింద బూడిద కలిసిన నల్లమన్ను, దాని క్రింద కాలిన ఎఱ్ఱమన్ను అని ప్రతి పొరకును అంకె వేసి, బొమ్మ గీసి, ఛాయాచిత్రము తీయుదురు. కదలని దిబ్బలో క్రింది పొర ముందటిది. పై పొర తరువాతిది. ఎలుక బొరియలు, పాత గుంటలు ఉన్నచోట మాత్రము ఈ వరుస తారుమారు కావచ్చును గనుక వాటిని ముందుగా గుర్తింతురు. ఈ పద్ధతిని మన దేశమున గట్టిగా నాటినవాడు మార్టిమర్ వీలర్. ఆయన 1944లో తక్షశిలలో శిక్షణ తరగతులు నడపి, 1945లో అరికమేడులోను, 1947లో చిత్రదుర్గము జిల్లా బ్రహ్మగిరిలోను త్రవ్వించెను.

పై మన్ను తీయుటకు పార పనికివచ్చును. పొర కనబడిన తరువాత తాపీ, చిన్న కత్తి, కుంచె మాత్రమే వాడుదురు. తీసిన మన్నంతయు జల్లెడ పట్టుదురు. పెంకులను కడిగి ఆరబెట్టి, ఒక్కొక్కదానిపై స్థలము, చదరము, పొర అంకెలు వ్రాయుదురు. బొగ్గు ముక్కలను చేతితో తాకక విడిగా చుట్టి ఉంచుదురు. వాటిని బట్టి కాలము లెక్కకట్టుటకు వీలగును. కొంత మన్నును నీటిలో కలిపి పైకి తేలిన మాడిన గింజలను వడకట్టుదురు. కడప సీమలో పెద్దముడియము, హనుమంతరావుపేట మున్నగు చోట్ల, కర్నూలు, బళ్లారి ప్రాంతములలో ఇట్టి పరిశీలన వలన, సుమారు నాలుగువేల ఏండ్ల క్రిందటి దక్షిణ దేశపు సేద్యగాండ్రు ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱల వంటి చిరుధాన్యములు తినిరని తెలిసినది. నేటికిని మెట్ట పొలములలో మనము విత్తుచున్న ఉలవలకు అంతటి వంశచరిత్ర ఉన్నది. ఈ సంగతి చెప్పినది బంగారపు నాణెము కాదు, మాడిన గింజ.

మరియొక ఉదాహరణము చూడుడు. రాయలసీమలోను, పాలమూరు ప్రాంతమునను బూడిద దిబ్బలు కలవు. రాక్షసులను కాల్చినచోట్లని పెద్దలు కథలు చెప్పుదురు. 1957లో ఆల్చిన్ అను పండితుడు పూర్వపు మహబూబునగరు జిల్లా ఉట్నూరు బూడిద దిబ్బను పొర పొరగా త్రవ్వించెను. గట్టిపడిన పొరలలో పశువుల గిట్టల గుర్తులు కనబడినవి. అది నవీన శిలాయుగమునాటి పశువుల దొడ్డి అనియు, పోగుపడిన పేడను కాల్చుటచే బూడిద ఏర్పడినదనియు తేలినది. పారతో ఒక్క పెట్టున తీసియున్నచో ఆ గిట్టల గుర్తులు ఎవరి కంటను పడియుండెడివి కావు. పాత ఊరి దిబ్బనుండి పాటిమన్ను తోలి చేలకు వేయు ఆచారము మన గ్రామములందు కలదు. ఎరువుగా ఆ మన్ను మంచిదే. కాని ప్రతి బండి మన్నుతో ఇట్టి గుర్తులెన్ని పోవుచున్నవో ఆలోచింపవలెను.

స్వచ్ఛంద సేవయు, కూలియు

అనుమతి పొందిన త్రవ్వకము ఊరిలో జరుగునప్పుడు గ్రామప్రజలు శ్రమదానముతో పాల్గొనవచ్చును. ఇతర దేశములందు ఇది చిరకాలముగా ఉన్నది. ఇంగ్లండులో యార్క్‌షైరు ప్రాంతమున వారమ్ పెర్సీ అను విడిచిపోయిన పాత గ్రామమును 1950 మొదలు 1990 వరకు నలుబది యేండ్లు, ప్రతి వేసవిలో కొన్ని వారములు, స్వచ్ఛంద సేవకుల తోడ్పాటుతో త్రవ్విరి. రాజుల కోటలను గాక సామాన్య రైతుల ఇండ్లను, దొడ్లను పరిశీలించుటచే ఆ త్రవ్వకము పేరుపొందినది.

అయితే ఒక జాగ్రత్త అవసరము. శ్రమదానమను పేరున నిరుపేద కూలివానిచేత ఉచితముగ మన్ను మోయించుట తగదు. ఒక దినపు కూలి పోయినచో ఆ పూట పొయ్యి వెలగని ఇంటికి చరిత్ర గొప్పతనము చెప్పి ప్రయోజనము లేదు. మన్ను త్రవ్వుట, తట్టలు మోయుట మున్నగు కష్టమైన పనులకు కూలి ఇచ్చియే చేయించవలెను. ఆ కూలిలో ఊరివారికి, అందును పనిలేనివారికి మొదటి అవకాశము కోరవలెను. తీరిక, ఓపిక గలవారు చేయదగిన సేవ వేరుగా ఉన్నది. పెంకులు కడుగుట, అంకెలు వ్రాయుట, జల్లెడ వద్ద కూర్చుండుట, రాత్రి కావలి కాయుట, వచ్చినవారికి బసయు నీరును చూపుట, పాఠశాల బాలబాలికలను తీసికొనివచ్చి చూపించుట – ఇవి పెన్షను పుచ్చుకొన్నవారు, యువజన సంఘములవారు, స్వయంసహాయక సంఘముల స్త్రీలు, పై తరగతుల విద్యార్థులు చేయదగినవి. మంచినీరు, నీడ, మందుల పెట్టె ఏర్పాటు చేయక ఎవరిని పనిలోనికి దింపరాదు. నిలువు కోతల అంచున పిల్లలను నిలువనీయరాదు. గట్టు విరిగి పడవచ్చును.

అన్నిటికంటె విలువైన సేవ ఊరి జ్ఞాపకమును అందించుట. పాటిమీద, కోటదిబ్బ, బూడిదగడ్డ, రాక్షసగుళ్లు, పాండవుల గుళ్లు – ఇట్టి చేలపేర్లు పటములలో దొరకవు. పశువులు కాయువానికి, ముదుసలి రైతుకు తెలియును. రెండు శతాబ్దములకు ముందు కర్నల్ మెకంజీ కొఱకు గ్రామముల వృత్తాంతములను మన కరణములు, పెద్దలు చెప్పగా వ్రాసిన కైఫీయతులు నేటికిని చరిత్రకారులకు ఆధారములు. అట్టి పని నేడును చేయవచ్చును.

చట్టము చెప్పునది

చట్టము తెలియక మంచి ఉద్దేశముతో చేసిన పనియు చిక్కులు తెచ్చును. ముఖ్యమైన సంగతులు ఇవి.

ప్రాచీన స్థలములను అనుమతి లేక ఎవరును త్రవ్వరాదు. 1958 నాటి కేంద్ర చట్టము ప్రకారము, రక్షిత ప్రదేశము కానిచోట పురావస్తు త్రవ్వకము చేయుటకు రాష్ట్ర ప్రభుత్వము సహితము కేంద్ర ప్రభుత్వపు ముందు ఆమోదము పొందవలెను. ఆ చట్టము క్రింద ఎవరి భూమిలోనైన ప్రవేశించి త్రవ్వుటచే హక్కుదారునకో, సాగుదారునకో నష్టము కలిగినచో పరిహారము చెల్లింపవలెనని అందే చెప్పబడినది. మన రాష్ట్రమునకు 1960 నాటి ప్రత్యేక చట్టము కలదు. 2010 సవరణ తరువాత కేంద్ర రక్షిత కట్టడములకు 100 మీటర్ల లోపల నిర్మాణములు నిషిద్ధములు. ఆపైన 200 మీటర్ల వరకు అనుమతి అవసరము.

నేలలో దొరకిన నిధిని గూర్చి 1878 నాటి చట్టము ఉన్నది. పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినవారు కలెక్టరునకు వ్రాతమూలకముగ తెలుపవలెను. దాచినచో తమ వంతు హక్కు పోవుటయే గాక, ఒక సంవత్సరము వరకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. నిజాయితీగా తెలిపినవానికి ఆ చట్టమే వాటా చూపినది. ప్రభుత్వము తీసికొన్నచో వస్తువు విలువపై అయిదవ వంతు చేర్చి చెల్లించు నియమమున్నది. కనుక దాచుట నష్టము, తెలుపుట లాభము.

గుప్తనిధుల పేరున రాత్రులందు గుడులను, దిబ్బలను పెకలించువారిని గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. రాక్షసగుళ్లు మృతులను పూడ్చిన సమాధులు. వాటిలో కుండలు, ఇనుప పనిముట్లు, ఎముకలు ఉండును. వాటిని పగులగొట్టినవానికి దొరకునది పెంకు. ఊరికి పోవునది చరిత్ర. అపరిచితులు యంత్రములతో దిబ్బలచుట్టు తిరుగుచున్నచో వెంటనే పోలీసులకు తెలుపవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చినది. దాని వలన చేరిన పదునొకండవ అనుబంధములోని 29 విషయములలో సాంస్కృతిక కార్యక్రమములు, సమష్టి ఆస్తుల సంరక్షణ కూడ ఉన్నవి. కనుక ఈ పని పంచాయతీకి పరాయిది కాదు. ఖర్చులేక వెంటనే ప్రారంభింపదగినవి కొన్ని:

1. ఊరి పొలిమేరలో గల దిబ్బలు, పాత గుడులు, వీరగల్లులు, శాసనపు రాళ్లు, రాక్షసగుళ్లు, పాత బావులు ఒక పుస్తకమున సర్వే నంబరుతో, స్థానికపు పేరుతో వ్రాసికొనవలెను. ప్రతిదానికి ఛాయాచిత్రము తీయించవలెను.

2. శాసనపు రాయిని కదల్చరాదు. సున్నము, రంగు పూయరాదు. అక్షరములను మేకుతో గీకరాదు. వీరగల్లును కాలువమీద బండగా వేసియున్నచో తీయించి నీడన నిలుపుటకు శాఖవారి సలహా కోరవలెను.

3. చెరువు పూడిక, బాట, భవనపు పునాది పనులకు తీర్మానము చేయునప్పుడు ఈ పుస్తకమును ముందుంచుకొనవలెను. పని ప్రారంభమున యంత్రము నడుపువానికి, మేస్త్రికి విషయము చెప్పవలెను.

4. పనిలో కుండలు, ఎముకలు, ఇటుక గోడలు, నాణెములు, విగ్రహములు కనబడినచో అచ్చట పని నిలిపి, వస్తువును ఉన్నచోటనే ఉంచి, ఛాయాచిత్రము తీసి, కావలి పెట్టి, అదే దినమున తహశీల్దారునకును, రాష్ట్ర పురావస్తు, ప్రదర్శనశాలల శాఖకును వ్రాతమూలకముగ తెలుపవలెను. ప్రక్క స్థలమున పని సాగించుకొనవచ్చును. అట్లయిన కూలీలకు పని పోదు.

5. త్రవ్వకమునకు శాఖవారు, విశ్వవిద్యాలయమువారు వచ్చినచో అనుమతి పత్రమును చూచి, గ్రామసభ జరిపి, భూమి ఎవరిది, పంట నష్టమునకు పరిహారమెంత, కూలి ఎంత, గోతులు ఎప్పుడు పూడ్తురు, దొరకిన వస్తువులు ఎచ్చట ఉంచుదురు అను అయిదు ప్రశ్నలకు జవాబులు వ్రాయించుకొనవలెను.

6. త్రవ్వకము ముగిసిన తరువాత దాని ఫలితములను తెలుగున ఊరివారికి చెప్పవలెనని కోరవలెను. ఊరి మన్ను చెప్పిన కథ ఊరికి తెలియకపోవుట న్యాయము కాదు. వస్తువులు ప్రదర్శనశాలకు పోయినను, వాటి ఛాయాచిత్రములు పాఠశాల గోడమీద ఉండవచ్చును. కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ ప్రదర్శనశాలకు విద్యార్థులను ఒకసారి తీసికొనిపోవుట మంచిది.

త్రవ్వకుండుటయు ఒక సేవయే

పురావస్తు శాస్త్రమునందు ఒక నియమమున్నది. ఎంత జాగ్రత్తగా త్రవ్వినను, త్రవ్విన స్థలము మరల త్రవ్వుటకు ఉండదు. అందుచేతనే నిపుణులు దిబ్బ అంతయు త్రవ్వక, కొంత భాగమును ముందుతరముల వారికి విడిచిపెట్టుదురు. వారికి మనకంటె మంచి సాధనములు ఉండవచ్చును. ఫుట్ కాలమున మాడిన గింజను చదువగలవారు లేరు, నేడు కలరు. కాబట్టి ఊరిలో దిబ్బ ఉన్నదని తెలిసి, దానిని త్రవ్వక, త్రవ్వనీయక, చుట్టు గట్టుపోసి కాపాడిన పంచాయతీయు గొప్ప సేవ చేసినట్లే.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరికి ఆ పేరు ఎట్లు వచ్చినది? పాత ఊరు ఇంకొకచోట ఉండెనని చెప్పుకొందురా? ఆ చోటు నేడెవరి సాగులో ఉన్నది?

2. గడచిన పది సంవత్సరములలో పునాదులు, బావులు, గనులు త్రవ్వునప్పుడు ఏయే వస్తువులు కనబడినవి? అవి ఏమైనవి?

3. మన పొలిమేరలోని పాటిదిబ్బనుండి మన్ను తోలుచున్నారా? తోలుట పూర్తిగా మానుట కష్టమైనచో, ఏ భాగమును విడిచిపెట్టుటకు రైతులు అంగీకరింతురు? ఆ రైతులకు పంచాయతీ ఏమి చేయగలదు?

4. స్థలముల పుస్తకము వ్రాయుటకు ఏ ముగ్గురిని నియమింతము? అందు ఒక పశువుల కాపరి, ఒక ఉపాధ్యాయుడు, ఒక స్త్రీ సభ్యురాలు ఉండుటకు వీలగునా?

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు వ్రాసికొన్న గ్రామము తన చరిత్ర గ్రంథమున మొదటి పుట వ్రాసికొన్నట్లే. ఆ పుస్తకమును పంచాయతీ కార్యాలయమున భద్రపరచి, క్రొత్త సభ్యులు వచ్చినప్పుడెల్ల వారికి అప్పగించుచుండవలెను.